‘హూ, విచ్’ల పట్టిక కంటే ముందు ‘వచ్చిన, చేసే, రాని’ చూపించండి

సంపాదకులకు,

నమస్కారం. పరీక్షలు దగ్గరపడగానే దినపత్రికల విద్యా పేజీల్లో ఇంగ్లిష్ గ్రామర్ బిట్లు మొదలవుతాయి. రిలేటివ్ క్లాజుల దగ్గరికి, అంటే ఒక నామవాచకం ఎవరో ఏదో చెప్పే చిన్న ఉపవాక్యాల దగ్గరికి వచ్చేసరికి అన్నిచోట్లా దాదాపు ఒకటే పట్టిక కనిపిస్తుంది: మనుషులకు ‘హూ’, వస్తువులకు ‘విచ్’, చోటుకు ‘వేర్’, కాలానికి ‘వెన్’, ‘యొక్క’ అనే అర్థానికి ‘హూజ్’. దాని కింద కొన్ని ఖాళీలు, ఆ పక్కన జవాబులు. పిల్లలు ఆ ఖాళీలను సరిగ్గానే నింపుతారు. అదే పిల్లలను సొంతంగా ఒక పేరా రాయమంటే ‘ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్ ఈజ్ గుడ్’ అని, ‘ద మ్యాన్ కేమ్ ఎస్టర్‌డే ఈజ్ మై అంకుల్’ అని, ‘ద నైఫ్ విచ్ ఐ కట్ ద మ్యాంగో’ అని రాస్తారు. పట్టిక తప్పని అనడం లేదు. మన పిల్లలు తడబడే చోటు ఆ పట్టికలో లేదు. అది ఎక్కడుందో, తెలుగు పీరియడ్‌లో నేర్చుకున్న వ్యాకరణంతోనే దాన్ని ఎలా చక్కదిద్దవచ్చో చెప్పడానికే ఈ ఉత్తరం. ఉదాహరణలు లేకుండా ఈ విషయం తేలదు కాబట్టి కాస్త పొడవవుతుంది.

తెలుగులో ఈ పని చేసేది క్రియాజన్య విశేషణం. ‘నిన్న వచ్చిన అబ్బాయి’, ‘రేపు వచ్చే బస్సు’, ‘బడికి రాని పిల్లలు’ అంటాం. క్రియ రూపం మార్చుకుని నామవాచకం ముందు కూర్చుంటుంది. మధ్యలో కలిపే మాట ఉండదు, సర్వనామం ఉండదు. ఇంగ్లిష్‌లో వరస తిరగబడుతుంది. ముందు నామవాచకం, తర్వాత ‘హూ’ లాంటి కలిపే మాట, ఆ తర్వాత కాలం తెలిపే పూర్తి క్రియ: ‘ద బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే’. వరస మారడం పిల్లలకు పెద్ద కష్టం కాదు, వారం రోజుల్లో అలవాటవుతుంది. అసలు చిక్కు మరోచోట ఉంది.

ఈ ఆరు పదబంధాలను పక్కపక్కన పెట్టి చూడండి. నిన్న వచ్చిన అబ్బాయి. నేను చూసిన అబ్బాయి. నేను ఉత్తరం రాసిన అబ్బాయి. నేను క్రికెట్ ఆడిన అబ్బాయి. తండ్రి చనిపోయిన అబ్బాయి. మేం నమ్మకం పెట్టుకున్న అబ్బాయి. అన్నిట్లోనూ ‘అబ్బాయి’ అనే మాట ఒకేలా ఉంది, క్రియ చివర ఒకేలా ఉంది. కానీ వీటిని మామూలు వాక్యాలుగా విప్పితే ‘అబ్బాయి వచ్చాడు’, ‘అబ్బాయిని చూశాను’, ‘అబ్బాయికి ఉత్తరం రాశాను’, ‘అబ్బాయితో ఆడాను’, ‘అబ్బాయి తండ్రి చనిపోయాడు’, ‘అబ్బాయి మీద నమ్మకం పెట్టుకున్నాం’ అవుతాయి. ‘ని’, ‘కి’, ‘తో’, ‘మీద’ అన్నీ విశేషణం చేసేటప్పుడు జారిపోయాయి. అవి లేకపోయినా తెలుగులో అర్థం అవుతుంది, ఎందుకంటే సందర్భాన్ని బట్టి మనం పూరించుకుంటాం. ఇంగ్లిష్ ఆ వెసులుబాటు ఇవ్వదు. అక్కడ ఆ సంబంధం మాటల్లో కనిపించి తీరాలి: ‘ద బాయ్ హూ కేమ్’, ‘ద బాయ్ ఐ సా’, ‘ద బాయ్ ఐ రోట్ ఎ లెటర్ టు’, ‘ద బాయ్ ఐ ప్లేడ్ క్రికెట్ విత్’, ‘ద బాయ్ హూజ్ ఫాదర్ డైడ్’, ‘ద బాయ్ వి హావ్ ఫెయిత్ ఇన్’.

రిలేటివ్ క్లాజుల్లో తెలుగు విద్యార్థి చేసే తప్పుల్లో అన్నిటికన్నా మొండివి ఇక్కడే పుడతాయి. తెలుగులో జారిపోయిన ప్రత్యయాన్ని ఇంగ్లిష్‌లో వెతికి తెచ్చి పెట్టాలన్న సంగతి ఎవరూ చెప్పరు. ‘నేను మామిడిపండు కోసిన కత్తి’ అనాలనుకున్న విద్యార్థి, పట్టిక ప్రకారం కత్తి వస్తువు కాబట్టి ‘విచ్’ పెడతాడు, ‘ద నైఫ్ విచ్ ఐ కట్ ద మ్యాంగో’ అంటాడు. పట్టిక దృష్టిలో అది ఒప్పే. కానీ ‘కత్తితో’ అనే సంబంధం ఎక్కడా లేదు. ‘ద నైఫ్ ఐ కట్ ద మ్యాంగో విత్’ అనాలి, లేదా ‘ద నైఫ్ విత్ విచ్ ఐ కట్ ద మ్యాంగో’ అని రాయాలి. మొదటిది మాటల్లో సహజం, రెండోది దరఖాస్తుల్లో, వ్యాసాల్లో బాగుంటుంది. వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదని కొందరు గట్టిగా చెబుతుంటారు. అది ఇంగ్లిష్ నియమం కాదు, పిల్లలను భయపెట్టడం తప్ప దానివల్ల ప్రయోజనం లేదు. ఒక్కటి మాత్రం కచ్చితం: ప్రిపొజిషన్‌ను ముందుకు తెస్తే దాని తర్వాత ‘దట్’ రాదు. ‘విత్ దట్ ఐ కట్’ తప్పు. మనిషి అయితే ఆ చోట ‘హూ’ కాక ‘హూమ్’ వస్తుంది. ‘టు హూమ్ ఐ రోట్’ అనాలి. ‘హూమ్’ తప్పనిసరిగా కావలసింది దాదాపు ఇక్కడే. మిగతా చోట్ల దాన్ని వదిలేసినా ఏ నష్టమూ లేదు.

అందుకని తరగతిలో ఈ వరస పాటించమని కోరుతున్నాం. ముందు తెలుగు పదబంధం తీసుకోవాలి. విశేషణం వెంట వచ్చిన నామవాచకం కింద గీత గీయాలి. తర్వాత దాన్ని పూర్తి తెలుగు వాక్యంగా విప్పి, ఆ నామవాచకానికి ఏ ప్రత్యయం వచ్చిందో చూడాలి. విభక్తుల పేర్లు అక్కర్లేదు, ప్రత్యయం గుర్తిస్తే చాలు. ఆ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో పూర్తిగా రాయాలి: ‘ఐ కట్ ద మ్యాంగో విత్ ద నైఫ్’. ఇప్పుడు ‘ద నైఫ్’ను అక్కణ్నుంచి తీసి ముందుకు తేవాలి. తీసిన చోటు ఖాళీగానే ఉండాలి, పక్కనున్న ‘విత్’ అలాగే ఉండాలి. ఇవి నోటితో చెబితే అర నిమిషం పట్టే పనులు. పది పదబంధాలు ఇలా చేయిస్తే పద్ధతి పట్టుబడుతుంది.

మధ్యలో ఇంగ్లిష్ వాక్యం పూర్తిగా రాయమనడానికి కారణం ఉంది. తెలుగు ప్రత్యయాన్ని చూసి నేరుగా ప్రిపొజిషన్ పెడితే కొన్నిచోట్ల దెబ్బతింటాం. ‘నేను విన్న పాట’లో పాటకు వచ్చేది ‘ని’ మాత్రమే, కానీ ఇంగ్లిష్‌లో ‘లిజన్’కు ‘టు’ కావాలి కాబట్టి ‘ద సాంగ్ ఐ లిజన్డ్ టు’ అవుతుంది. ‘నేను ఎదురుచూస్తున్న బస్సు’ అంటే ‘ద బస్ ఐ యామ్ వెయిటింగ్ ఫర్’. దీనికి విరుద్ధంగా ‘మేం చర్చించిన విషయం’లో మనకు ‘గురించి’ వినిపిస్తుంది, కానీ ‘డిస్కస్’కు ‘అబౌట్’ అక్కర్లేదు. ‘ద మ్యాటర్ వి డిస్కస్డ్’ అంటే సరిపోతుంది. ప్రిపొజిషన్‌ను నిర్ణయించేది ఇంగ్లిష్ క్రియ. ఇక్కడ ఏదో సంబంధం ఉంది, వెతుక్కో అని హెచ్చరించేది తెలుగు ప్రత్యయం.

కొన్ని తెలుగు క్రియల దగ్గర కర్తే తారుమారవుతుంది. నచ్చు, తెలుసు, కావాలి, ఉంది అనేవి ముఖ్యమైనవి. ‘నాకు నచ్చిన పుస్తకం’లో నచ్చింది పుస్తకం, అంటే తెలుగులో కర్త పుస్తకమే. ఇంగ్లిష్‌లో ‘ఐ లైక్ ద బుక్’ కాబట్టి ‘ద బుక్ ఐ లైక్’. ఈ మార్పు చెప్పకపోవడం వల్లే ‘ద బుక్ విచ్ ఈజ్ లైక్డ్ టు మి’ లాంటివి పుడతాయి. ‘నాకు తెలిసిన మనిషి’ అంటే ‘ఎ మ్యాన్ ఐ నో’. ‘నాకు కావలసిన మందు’ అంటే ‘ద మెడిసిన్ ఐ నీడ్’. ‘డబ్బున్నవాళ్లు’ అంటే ‘పీపుల్ హూ హావ్ మనీ’.

‘వేర్’ విషయంలో పట్టిక నేరుగానే తప్పుదారి పట్టిస్తుంది. చోటు అయితే ‘వేర్’ అని బట్టీ పట్టిన విద్యార్థి ‘ద ప్లేస్ వేర్ ఐ విజిటెడ్’ అని రాస్తాడు. ‘నేను పుట్టిన ఊరు’ను విప్పితే ‘ఊళ్లో పుట్టాను’, ఇంగ్లిష్‌లో ‘ఐ వాజ్ బోర్న్ ఇన్ ద టౌన్’. ఆ ‘ఇన్ ద టౌన్’ మొత్తానికి బదులుగా ‘వేర్’ వస్తుంది: ‘ద టౌన్ వేర్ ఐ వాజ్ బోర్న్’. ‘నేను చూసిన ఊరు’ విప్పితే ‘ఐ విజిటెడ్ ద టౌన్’. ఇక్కడ ‘ఇన్’ లేదు, కాబట్టి ‘వేర్’కు చోటు లేదు. ‘ద టౌన్ దట్ ఐ విజిటెడ్’ అనాలి. ‘వేర్’ తన కడుపులోనే ప్రిపొజిషన్ పెట్టుకుని వస్తుంది కాబట్టి ‘ద హౌస్ వేర్ ఐ లివ్ ఇన్’ అనడమూ తప్పే. ‘వెన్’కు కూడా ఇదే పరీక్ష పనిచేస్తుంది. ‘ద డే వెన్ వి మెట్’ సరైనదే, ‘ద డే వెన్ ఐ రిమెంబర్’ కుదరదు, ఎందుకంటే రోజును గుర్తుపెట్టుకున్నాం, రోజున కాదు.

ఇక ‘విచ్ ఐ బాట్ ఇట్’ లాంటి తప్పు. అదనంగా సర్వనామం వేయడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది, పిల్లలు రెండు వాక్యాలను కలిపేటప్పుడు రెండో వాక్యంలోని ‘ఇట్’ను తీయడం మరిచిపోతారు. ఖాళీ అలాగే ఉండాలన్న మాట పైన చెప్పింది ఇందుకే. రెండో దారి తెలుగు నుంచే వస్తుంది. మనకు ‘ఎవరు ముందు వస్తారో వాళ్లకు సీటు’, ‘ఏది కావాలో అది తీసుకో’ అనే వాక్యాలు కూడా ఉన్నాయి. వీటిలో ‘ఎవరు... వాళ్లు’, ‘ఏది... అది’ అని జంట మాటలు వస్తాయి. ఆ అచ్చులో పోస్తే ‘హూ కమ్స్ ఫస్ట్ హి విల్ గెట్ ద సీట్’ వస్తుంది. ఇలాంటి వాక్యాన్ని ముందు ‘ముందు వచ్చినవాళ్లకు సీటు’ అని మార్చుకుని, ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి వెళ్లమనండి. ‘ద పర్సన్ హూ కమ్స్ ఫస్ట్ విల్ గెట్ ద సీట్’ అని తిన్నగా వస్తుంది. ‘హూఎవర్ కమ్స్ ఫస్ట్’ అన్నా సరిపోతుంది.

దీని పక్కనే ‘వాట్’ సంగతి కూడా చెప్పాలి. ‘ఎవ్రీథింగ్ వాట్ యు సెడ్’, ‘ఆల్ వాట్ ఐ నో’ అనేవి చదువుకున్నవాళ్ల ఇంగ్లిష్‌లోనూ తరచు వినబడతాయి. తెలుగులో దీనికి తేలికైన గుర్తు ఉంది. ‘నువ్వు చెప్పిన మాట’ అన్నప్పుడు విశేషణం తర్వాత నామవాచకం ఉంది. దానికి ‘ద థింగ్ దట్ యు సెడ్’. ‘నువ్వు చెప్పింది’ అన్నప్పుడు నామవాచకం లేదు, ‘ది’ అనే చివరే ఆ పని చేస్తోంది. దానికి ‘వాట్ యు సెడ్’. అంటే ‘చెప్పింది, చేసేది, కావలసింది’ లాంటి మాటకు ‘వాట్’, ముందు ఏ నామవాచకమో ‘ఎవ్రీథింగ్, ఆల్, నథింగ్’ లాంటి మాటో ఉంటే ‘దట్’. ‘నువ్వు చెప్పిందంతా’ను ‘ఎవ్రీథింగ్ దట్ యు సెడ్’ అనాలి, లేదా కలిపే మాట లేకుండా ‘ఎవ్రీథింగ్ యు సెడ్’ అనాలి.

కలిపే మాటను ఎప్పుడు వదిలేయవచ్చు అన్న ప్రశ్నకూ విప్పి చూడటమే జవాబు. ఇంగ్లిష్‌లో విప్పిన వాక్యంలో ఆ నామవాచకం కర్త అయితే వదలకూడదు. మిగతా చోట్ల చాలావరకు వదలవచ్చు. ‘ద బాయ్ ఐ సా’ ఒప్పు, ‘ద మ్యాన్ కేమ్ ఎస్టర్‌డే ఈజ్ మై అంకుల్’ తప్పు. ఈ తప్పు చేసే విద్యార్థి ‘వచ్చిన’ అంటే ‘కేమ్’ అనుకుంటున్నాడు. కానీ ‘కేమ్’ అంటే ‘వచ్చాడు’, అది వాక్యాన్ని ముగించే క్రియ. ‘వచ్చిన’కు సరితూగేది ‘హూ కేమ్’ అనే రెండు మాటలు కలిసి. ఈ ఒక్క జతను నల్లబల్ల మీద పెద్దగా రాసి ఉంచితే చాలా తప్పులు తగ్గుతాయి.

క్లుప్త రూపాలు కూడా ఉన్నాయి. ‘బయట నిలబడి ఉన్న పిల్లలు’ను ‘ద చిల్డ్రన్ స్టాండింగ్ అవుట్‌సైడ్’ అని, ‘1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ’ని ‘ద ప్రకాశం బ్యారేజ్, కంప్లీటెడ్ ఇన్ 1957’ అని అనవచ్చు. ఇక్కడ తెలుగు విద్యార్థి ఒకటి గమనించాలి. ‘ఉత్తరం రాసిన మనిషి’, ‘మనిషి రాసిన ఉత్తరం’ రెండిట్లోనూ మనకు ‘రాసిన’ ఒకటే. ఇంగ్లిష్‌లో ‘రిటెన్’ అనే రూపం రెండోదానికే సరిపోతుంది: ‘ద లెటర్ రిటెన్ బై ద మ్యాన్’. మొదటిదానికి ‘ద మ్యాన్ హూ రోట్ ద లెటర్’ అనక తప్పదు.

కాలం దగ్గర రెండు జాగ్రత్తలు చెప్పాలి. ‘బ్యాంకులో పనిచేస్తున్న మా అక్క’ అని తెలుగులో సహజంగా అంటాం, అందుకే ‘హూ ఈజ్ వర్కింగ్ ఇన్ ఎ బ్యాంక్’ అని వస్తుంది. ఎప్పుడూ చేసే ఉద్యోగానికి ‘హూ వర్క్స్’ అనాలి. ‘ఈజ్ వర్కింగ్’ అంటే ప్రస్తుతానికి, తాత్కాలికంగా అన్న ధ్వని వస్తుంది. రెండోది ‘రాని, చేయని, తెలియని’. తెలుగులో ఈ వ్యతిరేక రూపానికి కాలం లేదు. ‘రాని పిల్లలు’ అంటే నిన్న రానివాళ్లు కావచ్చు, ఎప్పుడూ రానివాళ్లు కావచ్చు, రేపు రాబోనివాళ్లు కావచ్చు. ఇంగ్లిష్‌లోకి వెళ్లే ముందు ‘హూ డిడ్ నాట్ కమ్’, ‘హూ డు నాట్ కమ్’, ‘హూ విల్ నాట్ కమ్’ మూడిట్లో ఏదో తేల్చుకోవాలి. తేల్చుకోవాలని చెప్పకపోతే పిల్లలు ‘నాట్ కమింగ్ చిల్డ్రన్’ దగ్గరే ఆగిపోతారు.

ఇప్పుడు కామాల గురించి. ఇది పరీక్షకే కాదు, ఆఫీసుకూ కోర్టుకూ కావలసిన సంగతి. ‘ద స్టూడెంట్స్ హూ హాడ్ నాట్ పెయిడ్ ద ఫీ వర్ నాట్ గివెన్ హాల్ టికెట్స్’ అంటే ఫీజు కట్టనివాళ్లకు మాత్రమే హాల్ టికెట్ ఇవ్వలేదు. అదే వాక్యంలో ‘హూ’ ముందు ఒక కామా, ‘ఫీ’ తర్వాత ఒక కామా పెడితే అర్థం మారిపోతుంది: విద్యార్థులెవరూ ఫీజు కట్టలేదు, ఎవరికీ హాల్ టికెట్ ఇవ్వలేదు. తెలుగులో ‘ఫీజు కట్టని విద్యార్థులు’ అన్న మాటలో ఈ తేడాను చూపే గుర్తు లేదు, అందుకే మన చేతికి కామాల అలవాటు రాదు. నోటీసు బోర్డుల్లో, నియామక ప్రకటనల్లో ‘క్యాండిడేట్స్, హూ హావ్ కంప్లీటెడ్ ద కోర్స్, మే అప్లై’ అని కామాలతో వేస్తే అభ్యర్థులందరూ కోర్సు పూర్తిచేశారని అర్థం. రాసినవాళ్ల ఉద్దేశం అది కాదు.

కామాలు కావాలో వద్దో తేల్చుకునే పరీక్ష సులువే. ఆ నామవాచకం ముందు ‘ఏ’ పెట్టి ప్రశ్న అడగాలి. ‘ఏ విద్యార్థులు?’ అంటే ‘ఫీజు కట్టనివాళ్లు’ అని క్లాజే జవాబు చెబుతుంటే కామాలు వద్దు. ప్రశ్నే అక్కర్లేనప్పుడు, అంటే ఎవరో ఏదో ముందే తెలిసిపోయినప్పుడు కామాలు పెట్టాలి. మనిషి పేరు, ఊరి పేరు, ఒక్కటే ఉన్న కట్టడం ఇలాంటివే: ‘సరోజినీ నాయుడు, హూ వాజ్ బోర్న్ ఇన్ హైదరాబాద్ ఇన్ 1879, రోట్ ఇన్ ఇంగ్లిష్’. ‘ద చార్మినార్, విచ్ వాజ్ బిల్ట్ ఇన్ 1591, స్టాండ్స్ ఇన్ ద ఓల్డ్ సిటీ’. ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ డల్లస్’ అని కామా లేకుండా రాస్తే ఇంకా అన్నదమ్ములు ఉన్నారని, వాళ్లలో డల్లస్‌లో ఉండేవాడి గురించి చెబుతున్నామని అర్థం వస్తుంది. ఒక్కడే అయితే కామాలు తప్పనిసరి. కామా తర్వాత ‘దట్’ రాదు, కలిపే మాటను వదలనూ కూడదు. కామాలు రెండు ఉండాలన్నది కూడా మరవకూడదు. క్లాజు వాక్యం మధ్యలో ఉంటే ముందొకటి పెట్టి రెండోది వదిలేయడం అతి సాధారణమైన పొరపాటు.

కామా లేని చోట ‘దట్’, ‘విచ్’ రెండూ సరైనవే. అమెరికా పత్రికలు ‘దట్’ వైపు మొగ్గుతాయి, బ్రిటిష్ ఇంగ్లిష్‌లో రెండూ నడుస్తాయి. ‘ద బుక్ విచ్ ఐ బాట్’ను తప్పుగా, ‘ద బుక్ దట్ ఐ బాట్’ను ఒప్పుగా లెక్కవేసే బిట్లు ఇస్తే తెలిసిన విద్యార్థికి అన్యాయం జరుగుతుంది. అలాగే మనుషులకు ‘దట్’ రాకూడదని, వస్తువులకు ‘హూజ్’ రాకూడదని నేర్పడం కూడా సరికాదు. ‘ఎ హౌస్ హూజ్ రూఫ్ లీక్స్’ మంచి ఇంగ్లిషే. అయితే ‘కాలు విరిగిన కుర్చీ’ లాంటిదానికి క్లాజే కావాలన్న పట్టుదల వద్దు. ‘ఎ చెయిర్ విత్ ఎ బ్రోకెన్ లెగ్’ అనడమే సహజం.

వాక్యాలు కలపమనే ప్రశ్నలో క్లాజు ఎక్కడ పెట్టాలో తెలియక మార్కులు పోతాయి. ‘ద మ్యాన్ బాట్ ఎ కౌ. హి ఈజ్ మై అంకుల్.’ ఈ రెంటినీ కలపమంటే ‘ద మ్యాన్ బాట్ ఎ కౌ హూ ఈజ్ మై అంకుల్’ అని రాస్తారు. అప్పుడు ఆవే మామయ్య అవుతుంది. తెలుగులో విశేషణం తన నామవాచకాన్ని ఆనుకునే ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. ఇంగ్లిష్‌లో కూడా ఆనుకునే ఉండాలి, కాకపోతే వెనకవైపు: ‘ద మ్యాన్ హూ బాట్ ఎ కౌ ఈజ్ మై అంకుల్’. విశేషణం లోపల మరో విశేషణం తెలుగుకు బరువు కాదు. ‘నిన్న మా ఇంటికి వచ్చిన అబ్బాయి కొన్న సైకిల్ పోయింది’ అని తడుముకోకుండా అంటాం. దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో పెడితే ‘ద సైకిల్ దట్ ద బాయ్ హూ కేమ్ టు అవర్ హౌస్ ఎస్టర్‌డే బాట్ ఈజ్ మిస్సింగ్’ అవుతుంది. వ్యాకరణం తప్పు లేదు, కానీ చదివేవాడికి ఊపిరాడదు. ఇలాంటి చోట రెండు వాక్యాలు చేయమని చెప్పడమే మంచి బోధన.

కొన్నిచోట్ల తెలుగే దారి చూపిస్తుంది. ‘షి ఈజ్ వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ హావ్ పాస్డ్’ అనాలా, ‘హాజ్ పాస్డ్’ అనాలా అని పోటీ పరీక్షల అభ్యర్థులు గింజుకుంటారు. తెలుగులో చెప్పి చూడండి: ‘పాసైన అమ్మాయిల్లో ఆమె ఒకరు’. ‘పాసైన’ అన్నది ‘అమ్మాయిలు’కు విశేషణం, బహువచనం, కాబట్టి ‘హావ్’. ‘షి ఈజ్ ది ఓన్లీ వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ హాజ్ పాస్డ్’ అంటే ‘ఆ అమ్మాయిల్లో పాసైన ఒకే ఒక్కరు ఆమె’. ఇక్కడ ‘పాసైన’ అన్నది ‘ఒక్కరు’కు విశేషణం, కాబట్టి ‘హాజ్’. అలాగే ‘ఆయన రాజీనామా చేశాడన్న వార్త’, ‘నిన్న వచ్చిన వార్త’ ఒకటి కావు. ‘అన్న’, ‘అనే’ వినిపిస్తే ఇంగ్లిష్‌లో ‘దట్’ మాత్రమే వస్తుంది, ‘విచ్’ రాదు: ‘ద న్యూస్ దట్ హి రిజైన్డ్’. ‘ద న్యూస్ విచ్ హి రిజైన్డ్’ అంటే అర్థమే లేదు. రెండోదానికి ‘ద న్యూస్ విచ్ కేమ్ ఎస్టర్‌డే’ చక్కగా సరిపోతుంది.

తప్పులు లెక్కపెట్టి విద్యార్థుల స్థాయి కొలవడంలో ఒక మోసం ఉంది. 1974లో అమెరికాలో జాక్వెలిన్ షాక్టర్ అనే భాషా పరిశోధకురాలు పారశీక, అరబిక్, చైనీస్, జపనీస్ మాట్లాడే విద్యార్థుల ఇంగ్లిష్ వ్యాసాల్లో రిలేటివ్ క్లాజులను పరిశీలించారు. చైనీస్, జపనీస్ విద్యార్థుల తప్పులు తక్కువగా కనిపించాయి. కారణం వాళ్లకు బాగా రావడం కాదు. వాళ్లు ఆ క్లాజులను మిగతా ఇద్దరి కంటే చాలా తక్కువగా వాడారు. తెలియనిదాన్ని తప్పించుకున్నారు. చైనీస్, జపనీస్ భాషల్లో క్లాజు నామవాచకానికి ముందు వస్తుంది. తెలుగులోనూ అంతే. కాబట్టి మన విద్యార్థి వ్యాసంలో ఎర్రసిరా గీతలు లేవని సంతోషించే ముందు, అసలు అందులో రిలేటివ్ క్లాజులు ఎన్ని ఉన్నాయో ఉపాధ్యాయులు చూడాలి. ‘దేర్ వాజ్ ఎ కింగ్. హి హాడ్ త్రీ సన్స్. దె వర్ లేజీ.’ అని పేజీ అంతా పొట్టి వాక్యాలే ఉంటే తప్పు లేదు, ఎదుగుదలా లేదు.

నేర్పే వరసకూ ఒక ఆధారం ఉంది. 1977లో ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనే భాషాశాస్త్రవేత్తలు ప్రపంచ భాషలను పోల్చి, క్లాజు కట్టడానికి కర్త స్థానం అన్నిటికన్నా సులువని, తర్వాత కర్మ, ఆ తర్వాత ‘కి’ లాంటి సంబంధం, ప్రిపొజిషన్ సంబంధాలు, ‘యొక్క’ సంబంధం వరసగా కష్టమవుతాయని చూపించారు. మన తరగతి గదుల్లో మాత్రం ‘హూ, విచ్, హూజ్, హూమ్, వేర్’ అన్నీ ఒకే పీరియడ్‌లో కుమ్మరిస్తారు. మొదటి వారం ‘వచ్చిన అబ్బాయి’ రకం మాత్రమే, రెండో వారం ‘చూసిన అబ్బాయి’ రకం, మూడో వారం ‘ఉత్తరం రాసిన’, ‘కోసిన’, ‘పుట్టిన’ లాంటి ప్రిపొజిషన్ రకాలు, నాలుగో వారం ‘తండ్రి చనిపోయిన’ రకం, చివర కామాలు. వారానికి రెండు పీరియడ్లు చాలు. మూడో వారానికి మాత్రం మరో రెండు అదనంగా ఇవ్వాలి, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే. ‘హూజ్’ దగ్గర ‘ద బాయ్ హూ హిజ్ ఫాదర్ డైడ్’ అనే తప్పు ముందే చూపించి, ‘హూ’, ‘హిజ్’ రెండూ కలిసి ‘హూజ్’ అయ్యాయని చెబితే నిలబడుతుంది.

మీ పత్రికను, తోటి పత్రికలను కోరేది ఇదీ. విద్యా పేజీలో ఖాళీలు నింపే బిట్లను సగానికి తగ్గించి, ఆ చోటులో తెలుగు పదబంధాలు ఇచ్చి ఇంగ్లిష్‌లో కట్టమనండి. తప్పు వాక్యం ఇచ్చినప్పుడు జవాబు ఒక్కటే వేయకుండా, తెలుగులో ఏ ప్రత్యయం జారిపోవడం వల్ల ఆ తప్పు వచ్చిందో ఒక వరసలో రాయించండి. రెండు రాష్ట్రాల్లో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీలకు కూడా ఒక విన్నపం: తెలుగు వాచకంలో సంశ్లిష్ట వాక్యాలు, క్రియాజన్య విశేషణాలు వచ్చే నెలలోనే ఇంగ్లిష్ వాచకంలో రిలేటివ్ క్లాజుల పాఠం వచ్చేలా చూడండి. ఇద్దరు ఉపాధ్యాయులూ అవే పది పదబంధాలను తమ తమ పీరియడ్లలో వాడుకోగలుగుతారు.

భవదీయుడు,
ఇంగ్లిష్ భాషోపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా